యా అనిదాసోకి నచ్చింది

ఒఫిన్సో,
ఫిబ్రవరి 20

మా ఆయనకి అఫియా రాస్తున్నది.

మీరు కులాసా అనుకుంటున్నాను. ఇక్కడ అమ్మమ్మ కులాసాయే, ఆవిడ మోకాలు మాత్రం కాదు.

ఫోన్ చెయ్యమన్నారు. చేద్దామనే కూర్చుంటాను. మీ గొంతు వినగానే చెప్పదలచుకున్నవన్నీ నాలిక కింద దాక్కుంటాయి. పైగా మీ కంపెనీవాళ్ళు మీ ఫోను గేటు దగ్గరే తీసేసుకుంటారంటిరి. అందుకని ఆరో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలనే పనిలో పెట్టాను. ఈ ఉత్తరం అక్రా బస్సు నడిపే ఆంపొన్సా బాబాయి చేతికి ఇస్తున్నాను. మీ జవాబు కూడా ఆయనకే ఇవ్వండి.

మీరు వెళ్ళేముందు నేర్పినట్టే నల్లసబ్బు ఫోటో తీసి, డబ్బు వేసి, నీలం మీట నొక్కాను. మర్నాడు పొద్దున్నే ఫోను చెప్పింది, ‘మీ ప్రకటన 212 మందికి చేరింది’ అని. వాకిలి ఊడ్చి, పక్కింటివాళ్ళవి కూడా తెచ్చి పదకొండు పీటలు వేశాను. సబ్బులోకి రెండు గోనెల కోకో తొక్కలు అదనంగా కాల్చి బూడిద చేసి పెట్టాను. చేరడమంటే ఊళ్ళోకి చేరడమనుకున్నాను. మధ్యాహ్నం దాకా చూస్తే ఒక మేక వచ్చింది.

“ఏమే, నీ రెండువందల పన్నెండులో మేకలెన్ని?” అంది అమ్మమ్మ. “ఆ డబ్బాకి ముక్కుందా? వాసన చూడకుండా సబ్బు ఎవత్తె కొంటుందే?”

మీకు చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది. మీకు కాక ఎవరికి చెప్పను? చేరడమంటే ఏమిటో రాయండి.

మీ మీదే కళ్ళు పెట్టుకుని,
అఫియా


ఆషాయ్‌మన్,
మార్చి 3

అఫియా,

నీ పదకొండు పీటల సంగతి బస్‌స్టాండులో నిలబడే చదివి నవ్వాను. మొక్కజొన్న కెంకీ ముద్దలు అమ్మే ఆవిడ “ఉత్తరం చదివి నవ్వే మగాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. ఎవతె అది?” అంది. “నా పెళ్ళామే” అన్నాను. “అయితే నమ్మను” అంది.

చేరడమంటే వాళ్ళ ఫోను మీద నీ సబ్బు ఒక్క క్షణం కనబడటం, అంతే. వేలితో పైకి తోసేసుకుంటూ పోతారు. ఎవరైనా ఆగి నొక్కితే, అప్పుడు ప్రకటన చూపించే కంపెనీవాళ్ళు నువ్వు వేసిన డబ్బులోంచి కాస్త కోసుకుంటారు. నొక్కినవాళ్ళలో నూటికి ఒకళ్ళు కొన్నా చాలు. సంతలో మాత్రం? నీ బల్ల ముందునుంచి ఎంతమంది నడిచిపోతారు, ఎంతమంది ఆగుతారు?

నా పని బాగానే ఉంది. ఫోన్లతో పని అని చెప్పాను కదా, అదే. నీడపట్టున కూర్చుని చేసేది. ఇటుకలు మోసిన భుజాలకి హాయిగా ఉంది, వేళ్ళు మాత్రం సాయంత్రానికి కొయ్యబారిపోతాయి.

దిగులు పడకు. చూసేవాళ్ళు వస్తారు. నేను చెబుతున్నాను కదా.

నీ క్వాకు


ఒఫిన్సో,
మార్చి 24

మా ఆయనకి,

మీ నోటిమాట నిజమైంది. నొక్కుతున్నారు! మొదటివారం అరవై మంది, తరువాత రెండువందలు, ఈ వారం నాలుగువందల పైమాటే. బొటనవేలి గుర్తుల కింద ‘ఫలానావారికి నచ్చింది, ఫలానావారికి నచ్చింది’ అని పేర్లు వస్తున్నాయి. నేను ఒక్కొక్క పేరూ కూడబలుక్కుని చదువుతాను. అమ్మమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంటోంది, నమ్మి కాదు, వెక్కిరించడానికి.

కానీ ఈ ఉత్తరం రాస్తున్నది అందుకు కాదు. నిన్న మన సబ్బు ఫోటో కింద ఒక మాట వచ్చింది. ‘ఈ సబ్బు వాడాక నా ముఖం మీద మచ్చలు పోయాయి. అక్కా, నీ చేయి చల్లగా ఉండాలి.’ రాసినావిడ పేరు యా అనిదాసో.

ఆ పేరు మనిద్దరికే తెలుసు. ఎనిమిదో రోజు చూడని బిడ్డకి పేరు ఉండదన్నారు పెద్దవాళ్ళు. అతిథిలా వచ్చి వెళ్ళిపోయింది, ఏడవకూడదన్నారు. మనిద్దరికీ పండగలా తెల్లబట్టలు కట్టి వేరుశనగ పులుసు తాగించారు. దానికి ముందు రోజే మీరు నా చెవిలో అన్నారు, గురువారం పుట్టింది కాబట్టి యా, మన ఆశ కాబట్టి అనిదాసో అని. ‘ఆశ అనే మాటలో మనవాళ్ళు కళ్ళు పెట్టారు చూశావా, కళ్ళు ఒకదాని మీదే ఆనించి ఉంచడమేనట ఆశ’ అన్నారు. పులుసుతోపాటు నేను ఆ పేరునీ మింగేశాను. మూడేళ్ళకి అది నా సబ్బు కింద పైకొచ్చింది.

యాలు ఊరూరా ఉంటారు. అనిదాసోలు కూడా ఉంటారేమో. రెండూ కలిసిన మనిషి, అదీ నన్ను అక్కా అని పిలిచిన మనిషి! ఫోటోలో ఇరవై ఏళ్ళ పిల్ల, తలకి పసుపు గుడ్డ చుట్టుకుంది. ఊరు ఆషాయ్‌మన్ అని ఉంది. మీ ఊరే. మన సంతలో కొన్నవాళ్ళెవరో ఆమెకి ఇచ్చి ఉంటారు. ఈ మూటలో ఆరు సబ్బులు పెట్టాను. వెతికి ఆమెకి ఇవ్వండి. డబ్బు తీసుకోకండి.

మీ మీదే కళ్ళు పెట్టుకుని,
అఫియా


ఆషాయ్‌మన్,
ఏప్రిల్ 9

అఫియా,

మూట అందింది. వాసన మన వాకిలిలా ఉంది.

పేర్లు కలుస్తుంటాయి. అక్రా వైపు మనుషులు ఇసకలా ఉంటారు. అయినా నువ్వు అడిగావని కనుక్కున్నాను. ఆ అమ్మాయి దొరికింది. సబ్బులు ఇచ్చాను. చాలా సంతోషపడింది. తొందరలో ఉన్నట్టుంది, ఎక్కువ మాట్లాడలేదు. మళ్ళీ పంపక్కర్లేదు.

మాకు మేస్త్రీగా కొత్తవాడు వచ్చాడు. భోజనానికి పావుగంటే ఇస్తున్నాడు. నువ్వు కర్రపెండలం దంచి చేసే ఫూఫూ గుర్తొస్తోంది. ఇక్కడ అమ్మేది పిండిలా ఉంటుంది, దంచినట్టే ఉండదు.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ క్వాకు


ఒఫిన్సో,
మే 6

మా ఆయనకి,

ఆ అమ్మాయి సంతోషపడిందని మీరు రాసిన మాట నాలుగుసార్లు చదివాను. ఎలా నవ్వింది? బుగ్గ మీద సొట్ట పడుతుందా? మగాళ్ళు ఏదీ సరిగ్గా చూడరు.

ఒక పని చేశాను. సంతలో అమ్మ బల్ల వదిలేశాను.

ఫోన్లో వారానికి తొమ్మిదివందల మంది నొక్కుతున్నారు. కొన్నది ఇంకా ఇద్దరే, కుమాసీ నుంచి. అయినా ఇంతమంది కళ్ళు మన సబ్బు మీద ఉన్నాయి కదా. యా అనిదాసో వారం వారం మంచిమాట రాస్తోంది. సంతలో ఎన్నాళ్ళు కూర్చున్నా తొమ్మిదివందల మంది ఆగరు. మీకు తెలుసు కదా, నాకు కేకవేసి పిలవడం రాదు. అమ్మ పిలిచేది, నేను ఆకులో చుట్టి ఇచ్చేదాన్ని. అమ్మ పోయాక అరవలేక తల దించుకు కూర్చునేదాన్ని. ఫోన్లో అరవక్కర్లేదు.

సంతలో ఏ బల్ల ఎవరిదో తేల్చే సంతరాణి ఫ్రెమా దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆవిడ చేస్తున్న బేరం ఆపేసి నన్ను చూసింది.

“మీ అమ్మ ఈ బల్ల కింద గుడ్డ ఉయ్యాల కట్టి నిన్ను పెంచింది. వదిలేస్తావా?”

“వదిలేస్తానమ్మా.”

“మరి ఎవరికి అమ్ముతావు?”

ఫోను తీసి పేర్లు చూపించాను. ఆవిడ వేలితో తోస్తూ చాలాసేపు చూసింది.

“వీళ్ళలో ఎవత్తెకైనా ఒంటిమీద దద్దుర్లొస్తే నీ ఇంటికొచ్చి తిడుతుందా?”

“రాలేదమ్మా, దూరం కదా.”

“అయితే వీళ్ళు నీ బేరం కాదు పిల్లా. తిట్టడానికి వచ్చినదే పైవారం కొనడానికీ వస్తుంది. ఆలోచించుకో. ఇచ్చాక మళ్ళీ అడిగితే నేనివ్వలేను, వరుసలో పద్నాలుగు మంది కాచుకున్నారు.”

ఆలోచించుకున్నానని చెప్పాను. డబ్బాల చేపలు అమ్మే ఆవిడకి ఇచ్చేశారు. బల్లకి ఆవిడ ఇచ్చిన డబ్బంతా ప్రకటనలోనే వేశాను. ఒక్కసారైనా నేనుగా ఒక పని నిర్ణయించానని మీరు మెచ్చుకుంటారని అనుకుంటున్నాను.

మీ మీదే కళ్ళు పెట్టుకుని,
అఫియా


ఆషాయ్‌మన్,
మే 25

అఫియా,

బల్ల ఎందుకిచ్చేశావు? నాతో ఒక్కమాట అనాలని తోచలేదా? వెళ్ళి ఫ్రెమా కాళ్ళమీద పడు. డబ్బాల చేపలావిడకి ఏదో ఒకటి చెప్పి వెనక్కి తీసుకో.

ప్రకటన ఆపెయ్యి. ఈ ఉత్తరం చదువుతున్న నిమిషంలోనే ఆపెయ్యి. ఎందుకని అడగకు. ఆ అమ్మాయి మాట కూడా ఇక ఎత్తకు. ఆమె రాసేవి పట్టించుకోకు.

కోపంతో రాస్తున్నాననుకోకు.

క్వాకు


ఒఫిన్సో,
జూన్ 12

క్వాకు డెంచికి,

ఫ్రెమా దగ్గరికి వెళ్ళాను. మీరు చెప్పారనే వెళ్ళాను. “నీకు చెప్పాను కదమ్మా” అంది. అమ్మ బల్ల మీద అప్పటికే చేపల డబ్బాలు పేర్చి ఉన్నాయి.

మొన్న తొమ్మిదో తారీకున పొద్దున్న ఫోను మోగింది. ‘ఈ రోజు యా అనిదాసో పుట్టినరోజు. శుభాకాంక్షలు చెప్పండి’ అని రాసి ఉంది. జూన్ తొమ్మిది. ఆ వాన మీకు గుర్తుందా? మంత్రసాని గొడుగు విరిగిపోయి తడిసి ముద్దయి వచ్చింది. పేరు కలవొచ్చు. ఊరు కలవొచ్చు. తారీకు కూడా కలుస్తుందా?

సబ్బుల మూట ఎవరు తీసుకున్నారని ఆంపొన్సా బాబాయిని అడిగాను. పెద్దాయన అబద్ధం చెప్పలేడు. “ఏ అమ్మాయీ రాలేదమ్మా. మీ ఆయన మూట విప్పి, స్టాండులో బెంచీ మీద కూర్చుని, సబ్బులు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు. మూట చంకన పెట్టుకునే వెళ్ళిపోయాడు” అన్నాడు.

అంతా కలిపి చూసుకున్నాను. ఆ పేరూ ఆ రోజూ తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేను ఎవరికీ చెప్పలేదు. ఆషాయ్‌మన్‌లో మీకు ఇంకొక ఆడమనిషి ఉంది. బిడ్డ కూడా ఉంది. మన బిడ్డ పేరు తీసుకెళ్ళి ఆ బిడ్డకి పెట్టారు. ఆ ఆడమనిషి ఆ పేరుతోనే నాకు మంచిమాటలు రాస్తోంది, పాపమనిపించో, ఆడుకోవడానికో. ప్రకటన ఆపమన్నది నాకు తెలిసిపోతుందనే.

అవును అని రాయండి, లేదా కాదు అని రాయండి. పక్కకి తప్పుకునే మాటలు వద్దు.

అఫియా


ఆషాయ్‌మన్,
జూన్ 20

అఫియా,

కాదు. ఇంకొక ఆడమనిషి లేదు. బిడ్డ లేదు. నిజం రాస్తాను, చదివాక ఆ మాటే నయమనిపిస్తుందేమో తెలియదు.

యా అనిదాసో మనిషి కాదు. నా గోడ మీద మూడో వరుసలో ఐదో ఫోను.

మా గదిలో గోడల నిండా మేకులకి ఫోన్లు తగిలించి ఉంటాయి. నా వంతు నూట ఇరవై. ఒక్కొక్క దాంట్లో పది పేర్లు. పాటగాళ్ళూ, దుకాణాలవాళ్ళూ మా కంపెనీకి డబ్బిచ్చి, తమని చాలామంది మెచ్చుకున్నట్టు కనబడాలంటారు. మేము మెచ్చుకుంటాం. అదే నా పని. అచ్చంగా డబ్బిచ్చినవాళ్ళనే మెచ్చుకుంటే దొంగలమని తెలిసిపోతుంది, అందుకని మధ్యమధ్య కనబడిన ప్రకటనలన్నీ నొక్కాలి. నిజం మనుషుల్లా ఉండాలని మేస్త్రీ పొద్దస్తమానం అరుస్తాడు. ప్రతి పేరుకీ ముఖం పెట్టు, పుట్టినరోజు పెట్టు అంటాడు. పన్నెండువందల పేర్లు ఎక్కడినుంచి తేను? చిన్ననాటి స్నేహితులు అయిపోయారు, పోయినవాళ్ళు అయిపోయారు. ఒకరోజు నా వేళ్ళే ఆ పేరు కొట్టేశాయి. చెరిపెయ్యబోయాను. ఎక్కడా లేని పేరు ఇక్కడైనా ఉంటుందిలే అనుకుని ఉంచేశాను. ఆమెని పువ్వులు మెచ్చుకోనిచ్చాను, పెళ్ళిళ్ళు మెచ్చుకోనిచ్చాను. ఇరవై ఏళ్ళు వేశాను. అంతకంటే చిన్నవాళ్ళని మేస్త్రీ ఒప్పుకోడు.

నీ పీటల ఉత్తరం వచ్చిన వారం నీ సబ్బు నా గోడ మీద కనబడింది. నీ చేతివేళ్ళు కూడా ఫోటోలో ఉన్నాయి. నువ్వు దిగులుగా ఉన్నావని ఒక్క ఫోనుతో నొక్కాను, యా పేరుతో మంచిమాటలు రాసిందీ నేనే. తరువాత నలభైతో. నీ ప్రకటన చూపించే యంత్రం ఏమనుకుందంటే, సబ్బు కోసం పడిచచ్చేవాళ్ళు దొరికారని. మిగతా గోడలకీ నీ సబ్బే చూపించడం మొదలుపెట్టింది. గదిలో అందరూ నొక్కారు. ఎవరిదో వాళ్ళకి తెలియదు. నేను చెప్పలేదు. ఆపమనడం నా చేతిలో లేదు.

నీ డబ్బు నాకు రాలేదు అఫియా, ఒట్టు. నేను నొక్కిన ప్రతిసారీ నీది పోయింది, అంతే. నువ్వు ఆనందంగా రాస్తుంటే చెప్పలేకపోయాను. బల్ల సంగతి చదివిన రోజే ప్రకటన ఆపెయ్యమని రాశాను.

నీ మనసు కష్టపడకూడదని ఆ పేరు ఈరోజే తీసేశాను. ఆమె రాసినవి కూడా పోయాయి. ఇక ఎక్కడా ఉండదు. క్షమించమని ఎలా అడగాలో తెలియడం లేదు. వచ్చే నెలాఖరుకి మానేసి వస్తాను.

నీ క్వాకు


ఒఫిన్సో,
జూలై 6

క్వాకుకి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంకొక ఆడమనిషి ఉంటే నేను వెళ్ళి ఆమె ముఖం చూసి నాలుగు మాటలు అనేదాన్ని. మూడో వరుసలో ఐదో ఫోనుని ఏమనను?

చదవగానే సబ్బు ఫోటో తెరిచి చూశాను. ఆమె మాటలున్న చోట ఏమీ లేదు. కింద నేను ఆమెకి రాసిన జవాబులు మాత్రం అలాగే ఉన్నాయి. ‘చెల్లీ, తిన్నావా?’ అని ఒకటి. ‘చెల్లీ, మీ ఊళ్ళో వానలు మొదలయ్యాయా?’ అని ఒకటి. పేరు వెతికితే ఫోను ‘ఈ వ్యక్తి ఇక్కడ లేరు’ అంది. మొదటిసారి పెద్దవాళ్ళు నన్ను అడగకుండా బిడ్డని తీసుకెళ్ళి, పేరు లేదన్నారు. రెండోసారి మీరు తీసేశారు. మీరు కూడా నన్ను అడగలేదు.

అప్పుడు తాగించిన పులుసు ఇప్పుడు కక్కాను. వాకిట్లో కూర్చుని గొంతెత్తి ఏడ్చాను. అమ్మమ్మ కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. “ఎవరు పోయారే?” అంది. “నా కూతురు” అన్నాను. “దానికి పేరుంది అమ్మమ్మా” అని చెప్పాను. ఆవిడ తిడుతుందనుకున్నాను. ఆ పేరుని ఒకసారి నోట్లో తిప్పుకుని చూసింది. “ఇంత మంచి పేరు మీ ఆయన ఎక్కడ తగలబెట్టాడే?” అంది. చెప్పాను. అంతా ఆవిడకి అర్థం కాలేదు. “లేని మనుషుల చేత ఉన్న సబ్బు కొనిపించాడా?” అంది. “కొనలేదు అమ్మమ్మా, చూసినట్టు నటించారు” అన్నాను. “చూడటంలో కూడా నటన ఉంటుందా?” అంది. దానికి జవాబు మీకు దొరికితే మీరే దాచుకోండి.

మీరు నా డబ్బు తినలేదన్నారు. నమ్ముతాను. కానీ నేను తొమ్మిదివందల మందిని చూసి ధైర్యం తెచ్చుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తల ఎత్తాను. ఆ ధైర్యం మీరు గోడకి తగిలించారు. ఉత్తరంలో ‘చూసేవాళ్ళు వస్తారు, నేను చెబుతున్నాను కదా’ అని రాశారే, ఆ మాట మీద నిలబడి అమ్మ బల్ల ఇచ్చేశాను.

పోయిన బుధవారం సంతకి వెళ్ళాను. బల్ల లేదు కదా, మురుగు కాలవ పక్కన నేలమీద గోనె పరిచి కూర్చున్నాను. ఫ్రెమా చూసి చూడనట్టు వెళ్ళిపోయింది, అదే ఆవిడ అనుమతి. నేలమీద కూర్చున్నదాన్ని ఎవరూ వంగి చూడరు. కాళ్ళే నడిచిపోతుంటాయి. పిలవాలి. పిలవకపోతే నేను లేనట్టే. నోరు తెరిస్తే ‘సబ్బు’ అనే మాట రాలేదు. వచ్చింది వేరే మాట.

“యా అనిదాసో!” అని అరిచాను. గొంతు పగిలింది. “యా అనిదాసో సబ్బు!”

నా ముందునుంచి వెళ్ళిపోతున్న ఒకావిడ ఆగి వెనక్కి తిరిగింది. బుట్ట తలమీదే ఉంది. “నన్నా పిలిచావు? నేను అకువాని” అంది.

“కాదమ్మా, సబ్బు పేరు.”

వంగి, ఒక ముద్ద తీసి, వాసన చూసి, గోటితో గీరింది. “బూడిద ఎక్కువైంది. మంట పుట్టిందా, వచ్చేవారం వచ్చి నీ జుట్టు పట్టుకుంటా” అంది. రెండు కొన్నది.

వచ్చేవారం ఆవిడ కోసం అక్కడే కూర్చుంటాను.

ఫోనులో ప్రకటన ఆపేశాను. నెలాఖరుకి వస్తానన్నారు. రాకండి. ఎప్పుడు రావాలో నేను రాస్తాను. రాసేదాకా ఆంపొన్సా బాబాయి చేతికి ఉత్తరాలు ఇవ్వకండి, పెద్దాయన్ని ఇబ్బంది పెట్టకండి.

కింద ఎప్పుడూ రాసే మాట ఈసారి రాయడం లేదు. ఆ కళ్ళు ఇప్పుడు నాకే కావాలి.

అఫియా పినమాన్